హైవే ఎక్కితే కారు వణుకుతోందా? వరంగల్ వైపు కారు యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, వరంగల్, కాజీపేట షెడ్లలో కారు వాళ్ళ నోట ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇదే: "ఊళ్ళో బాగానే ఉంటుందన్నా, హైవే ఎక్కితేనే వణుకుతోంది." చాలామంది రోగంతో పాటు మందు కూడా వాళ్ళే చెప్పేస్తారు. బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానం చేసే పని) చేయమంటారు, లేదా టైర్లు మార్చమంటారు. వణుకు ఏ వేగంలో మొదలవుతోంది, ఎక్కడ తెలుస్తోంది, ఏం చేస్తే మారుతోంది అన్నది చూడకుండా పానా పట్టుకుంటే డబ్బులు పోతాయి, వణుకు మాత్రం అట్లనే ఉంటుంది. ఆ మూడు సంగతులు గమనించాల్సింది బండి నడిపేవాళ్ళే. మెకానిక్ షెడ్డు చుట్టూ ఒక రౌండు కొట్టి వస్తే అవి తెలియవు. అందుకే ఈ జవాబులు ముందుగా నడిపేవాళ్ళ కోసం.

వరంగల్‌లో తిరిగినంత సేపు ఏమీ ఉండదు. స్టేషన్ ఘన్‌పూర్ దాటి ఎనభై, తొంభైకి పోగానే స్టీరింగ్ కొట్టుకుంటోంది. ఎందుకు?

నూటికి ఎక్కువ భాగం ఇది చక్రాల దగ్గరి సమస్యే. చక్రం చుట్టూ బరువు సమానంగా లేకపోతే బరువున్న వైపు ప్రతి చుట్టుకూ ఒకసారి బయటికి లాగుతుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కు ఉండే 165/80 ఆర్14 టైరు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 1.95 మీటర్లు పోతుంది. అంటే గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఒకవైపు 20 గ్రాములు ఎక్కువున్నా, ఆ వేగంలో దాని లాగుడు దాదాపు 3 కిలోల బరువంత అవుతుంది. అదే 50లో పోతుంటే ముప్పావు కిలో దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. ఊళ్ళో తెలియనిది హైవే మీద తెలియడానికి మొదటి కారణం ఇదే.

రెండోది కూడా ఉంది. చక్రం, హబ్బు (చక్రాన్ని బిగించే నడిమి దిమ్మె), స్ప్రింగు, బుష్‌లు (జాయింట్ల దగ్గరి రబ్బరు తొడుగులు) అన్నీ కలిసి సెకనుకు ఇంచుమించు 10 నుంచి 15 సార్లు ఊగే స్వభావంతో ఉంటాయి. చక్రం తిరిగే వేగం ఆ లెక్కకు కలిసినప్పుడు చిన్న తేడా కూడా పెద్ద వణుకుగా మారుతుంది. అందుకే చాలా బండ్లలో 80 నుంచి 110 మధ్యే వణుకు ఎక్కువ, దాటితే కొంచెం సర్దుకున్నట్టు అనిపిస్తుంది. "110 దాటిస్తే పోతోంది కదా" అని దాటించి నడిపేవాళ్ళున్నారు. అది పోవడం కాదు, లాగుడు ఇంకా పెరుగుతూనే ఉంటుంది, చేతికి తెలియదంతే. పైగా మధ్యలో డివైడరున్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు కేంద్రం 2018లో ప్రకటించిన గరిష్ఠ వేగం గంటకు 100. రోడ్డు పక్క బోర్డు అంతకన్నా తక్కువ చెబితే బోర్డు మాటే లెక్క.

వణుకు ఎక్కడి నుంచి వస్తోందో నాకు నేనే కనుక్కోగలనా?

సగం పని మీరే చేయగలరు. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకొని, తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, తిన్నగా ఉన్న చోట చూడండి. రాసుకునే పని పక్కవాళ్ళది. మీ చూపు రోడ్డు మీదే ఉండాలి.

ముందు రోడ్డును అనుమానించండి. గ్రానైట్ లారీలు, బొగ్గు లారీలు తిరిగే రోడ్లలో ఎడమ వరుస గాడిపడి అలల్లా ఉంటుంది. కాంక్రీటు రోడ్డు మీద అతుకుల దగ్గర టక్ టక్‌మని తాళం వేసినట్టు వస్తుంది. వరుస మారితే, లేదా వేరే రోడ్డెక్కితే పోయేది బండి తప్పు కాదు.

తర్వాత వణుకు ఎక్కడ తెలుస్తోందో చూడండి. స్టీరింగులో కొట్టుకుంటే ముందు చక్రాల వైపు చూడాలి. స్టీరింగు నిలకడగా ఉండి సీటు, ఫ్లోరు, వెనక కూర్చున్నవాళ్ళ నడుము అదురుతుంటే వెనక చక్రాలు. ఇది రాసిపెట్టిన శాసనమేమీ కాదు, కానీ ఎక్కువసార్లు నిజమవుతుంది.

ఇక అసలైన పరీక్ష. వణుకు వచ్చే వేగంలో పోతూ యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయండి. వణుకు అట్లాగే ఉండి, వేగం తగ్గిన కొద్దీ తగ్గుతూ వస్తే చక్రాలు, టైర్లు, హబ్బులు. కాలు తీసిన క్షణమే మాయమై, మళ్ళీ తొక్కగానే వస్తే యాక్సిల్ (ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీ) లోపలివైపు జాయింటు, లేదా ఇంజన్ మౌంటింగులు (ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు). గేర్ల బండి అయితే ఇంకొకటి: అదే వేగం ఉంచి ఐదో గేరు నుంచి నాలుగుకు మార్చండి. ఇంజన్ చుట్లు పెరిగినా వణుకులో తేడా లేకపోతే అది చక్రాల లెక్క. వణుకు కూడా మారిపోతే ఇంజన్ లెక్క. పోతున్న బండిలో తాళం తిప్పి ఇంజన్ ఆపే పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు. బ్రేకు బిగుసుకుపోతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, తాళం ఇంకొంచెం తిరిగితే స్టీరింగు లాకే పడుతుంది.

ఎప్పుడు వెంటనే ఆపేయాలి?

నిన్నటి దాకా లేని వణుకు పోతూ పోతూ ఒక్కసారిగా మొదలైతే ఆపండి. నిమిష నిమిషానికి పెరుగుతుంటే, 40, 50లో కూడా బండి పక్కలకు ఊగుతుంటే, కాలిన వాసన వస్తుంటే, ఏదో వదులై కొట్టుకుంటున్న చప్పుడుంటే ఆపండి. ఈ మధ్యే చక్రం విప్పి బిగించిన బండైతే ఇంకొక్క కిలోమీటరు కూడా పోవద్దు. నట్లు వదులై చక్రం ఊడే ముందు వచ్చే వణుకు ఇట్లాగే ఉంటుంది.

గట్టిగా బ్రేకు కొట్టకండి. కాలు తీసి, ఇండికేటర్ వేసి, ఎడమకు తీసుకొని, గట్టి నేల మీద ఆపండి. హజార్డ్ లైట్లు వేసి, మనుషులందరినీ దింపి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. జాతీయ రహదారి మీదైతే సహాయ నంబరు 1033కి ఫోన్ చేయవచ్చు. ఆగాక మొదట చూడాల్సింది నట్లు, తర్వాత టైరు పక్క గోడలు.

షెడ్డుకు పోయే ముందు ఇంటి దగ్గర ఏం చూసుకోవచ్చు?

పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు చూడండి. ముందు గాలి. తర్వాత నాలుగు రిమ్ములకూ లోపలివైపు టార్చి వేసి చూడండి, బురద గడ్డ కట్టి ఉందా, రిమ్ము అంచు సొట్ట పడిందా, బ్యాలెన్సింగ్ వెయిట్ ఊడిన మచ్చ ఏమైనా ఉందా అని. అంటించే వెయిట్లు ఊడిపోతే అక్కడ జిగురు చార నల్లగా మిగులుతుంది. వెయిట్ ఊడిందని ఖాయంగా చెప్పే గుర్తు అది.

టైరును కంటితో చూసి వదిలేయకండి, చేత్తో తడమండి. తీగలు బయటికి వచ్చి ఉంటే గీరుకుంటుంది కాబట్టి పాత గుడ్డ ఒకటి చేతికి చుట్టుకోండి. అరచేతిని ట్రెడ్ (రోడ్డుకు తగిలే గాడుల భాగం) మీద పెట్టి మెల్లగా చుట్టూ జరపండి. ఒకవైపు నున్నగా, వెనక్కి జరిపితే రంపంలా తగిలితే అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా నిలబడే కోణం) తప్పి అరిగింది. జానెడు జానెడుకు ఒక గుంట తగులుతుంటే షాకబ్జార్బర్ చచ్చిపోయి చక్రం ఎగురుతూ పోతోంది. ఒకేచోట మెత్తగా ఉబ్బు తగిలితే లోపలి పొరలు విడిపోతున్నాయి. ఆ టైరుతో హైవే ఎక్కనే వద్దు. ట్రెడ్ గాడుల మధ్యలో చిన్న దిమ్మెలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ట్రెడ్ వాటి దాకా అరిగితే టైరు అయిపోయినట్టే.

టైరు వయసు దాని గోడ మీదే ఉంటుంది. తయారీ కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో చేసింది. ట్రెడ్ ఎంత మిగిలినా ఐదారేళ్ళు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలి. మన ఎండలకు రబ్బరు బిరుసెక్కుతుంది.

బ్యాలెన్సింగ్ చేయించాను. మళ్ళీ చేయించాను. అయినా పోలేదు. ఇప్పుడేంటి?

ఈ ప్రశ్నకు తీరుబడిగా జవాబు చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువగా విసిగిపోయేది ఇక్కడే.

మొదట, బ్యాలెన్సింగ్ సరిగ్గా జరిగిందా? మిషన్ దగ్గర నిలబడి చూడండి, అది మీ హక్కు. పాత వెయిట్లన్నీ పీకేయాలి. ట్రెడ్‌లో ఇరికిన కంకర తీయాలి. రిమ్ము లోపలి బురద కడగాలి. చక్రాన్ని మిషన్ కడ్డీకి ఎక్కించేటప్పుడు కోను రిమ్ము నడిమి రంధ్రంలో నిండుగా కూర్చోవాలి. అది ఒక పక్కకు ఒరిగి కూర్చుంటే మిషన్ చెప్పే లెక్క మొత్తం తప్పే. తర్వాత రిమ్ము దూరం, వెడల్పు, సైజు మూడూ మిషన్‌లో కొట్టాలి. ముందు వచ్చిన బండి కొలతలు అట్లాగే ఉంచి తిప్పేస్తుంటారు, అది గమనించండి. చక్రం తిరిగి ఆగాక లోపలి వైపుకొకటి, బయటి వైపుకొకటి, రెండు అంకెలు వస్తాయి. వెయిట్లు కొట్టాక మళ్ళీ తిప్పి రెండు వైపులా సున్నా చూపించాలి. చాలా షాపుల్లో ఈ రెండోసారి తిప్పడమే ఎగ్గొడతారు. "సున్నా చూపించు తమ్ముడూ" అని అడగండి, మొహమాటపడకండి.

మిషన్ వంద గ్రాములకు పైగా అడుగుతుంటే వెయిట్లు కొట్టుకుంటూ పోవద్దు. గాలి తీసి, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్ళీ కొలిపించండి. రిమ్ము బరువు వైపు, టైరు బరువు వైపు ఒకేచోట పడి ఉంటే ఈ మార్పుతో లెక్క బాగా తగ్గుతుంది. కొత్త టైరు మీద పసుపు చుక్క ఉంటే అది టైరు తేలికగా ఉన్న చోటు, దాన్ని వాల్వు పక్కకు తెచ్చి ఎక్కించాలి.

రెండోది, సున్నా వచ్చినా చక్రం గుండ్రంగా లేకపోవచ్చు. కోడిగుడ్డుకు కూడా బరువులు కట్టి మిషన్ మీద సున్నా తెప్పించవచ్చు, కానీ అది రోడ్డు మీద దొర్లదు. పరీక్ష చిన్నదే: చక్రం మిషన్ మీద మెల్లగా తిరుగుతుంటే ఒక స్క్రూడ్రైవర్‌ను ట్రెడ్‌కు తగలకుండా దగ్గరగా, కదలకుండా పట్టుకోమనండి. మధ్యలో సందు పెరిగి తగ్గుతుంటే ఎత్తుపల్లం ఉంది. రిమ్ము అంచు దగ్గర కూడా అట్లాగే చూడాలి. రిమ్ము తిన్నగా ఉండి టైరు మాత్రమే ఊగితే టైరు మార్చాలి. రిమ్మే ఊగితే రిమ్ము సంగతి చూడాలి.

మూడోది, మిషన్ మీద అంతా సరిగ్గా ఉండి బండికి బిగించాక తప్పుతోందేమో. హబ్బు ముఖం మీద తుప్పు పొరలు కట్టి ఉంటే చక్రం దాని మీద ఒంకరగా కూర్చుంటుంది. వైర్ బ్రష్‌తో గీకి తుడిచి బిగించాలి. నట్లు ఒకదాని పక్క ఒకటి కాకుండా ఎదురెదురుగా, ముందు చేత్తో, తర్వాత పానాతో, చివరికి టార్క్ రెంచితో (బిగువు ఎంతో కొలిచే పానా) బిగించాలి. గాలి గన్నుతో ఒకటే దెబ్బకు బిగించేస్తే ఒక నట్టు చచ్చేంత బిగువు, ఇంకోటి వదులు. ఇవన్నీ అయ్యాక కూడా వణుకు ఉంటేనే స్టీరింగును, చక్రాన్ని బండికి కలిపే రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌ల దాకా పోవాలి. అవి వణుకును పుట్టించవు. చక్రంలో ఉన్న చిన్న తేడాను అణచకుండా స్టీరింగు దాకా మోస్తాయి.

ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు వేసి చూస్తే తెలుస్తుందంటారు. నిజమేనా?

నిజం. మంచి పద్ధతి, ఖర్చు లేనిది. స్టీరింగులో ఉన్న వణుకు సీటులోకి వస్తే తప్పు ఆ చక్రాలదే. ఎక్కడిది అక్కడే ఉంటే హబ్బు, బేరింగు, బ్రేకు డిస్కుల వైపు పోవాలి. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తున్న టైర్లయితే కుడివి కుడివైపే, ఎడమవి ఎడమవైపే మార్చాలి. స్టెప్నీ వేసి చూడాలనుకుంటే అది మిగతా చక్రాల సైజుదేనా అని చూసుకోండి. కొత్త బండ్లలో చాలావాటికి చిన్న స్టెప్నీ ఇస్తున్నారు, దాని మీద 80 దాటొద్దని రాసి ఉంటుంది.

అలైన్‌మెంట్ చేయిస్తే వణుకు పోతుందా?

పోదు. అలైన్‌మెంట్ తప్పితే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒకవైపు అరుగుతుంది. అట్లా అరిగిన టైరు తర్వాత అదురుతుంది, అంతవరకే దీనికీ దానికీ సంబంధం.

రోడ్డు మీద ఆరబోసిన వడ్ల చుట్టూ పెట్టిన రాయి మీద చక్రం ఎక్కింది. అప్పటి నుంచి వణుకు. ఏం చూడాలి?

యాసంగి కోతలప్పుడూ, వానాకాలం కోతలప్పుడూ ఇట్లాంటి బండ్లు వరుసగా వస్తాయి. రాత్రిపూట కుప్ప మీద కప్పిన నల్ల టార్పాలిన్ కనపడదు, రాయి అసలే కనపడదు. రైతుకు కల్లం లేక రోడ్డెక్కాడు, కాబట్టి ఆ నెలల్లో రాత్రి ప్రయాణం మెల్లగా చేయడమే మన చేతిలో ఉన్నది.

తగిలిన వైపు రిమ్ము లోపలి అంచు చూడండి, బయటి అంచు బాగున్నా లోపలిది వంగుతుంది. స్టీలు రిమ్ము కొద్దిగా వంగితే సాపు చేయించుకోవచ్చు. అల్లాయ్ రిమ్ముకు పగులు గనక ఉంటే వెల్డింగుతో సరిపెట్టుకోవద్దు, మార్చండి. టైరు పక్క గోడ మీద గోలీ అంత ఉబ్బు కనిపించినా లోపల దారాలు తెగినట్టే. దానికి ప్యాచీ లేదు. రాయి దెబ్బ గట్టిదైతే లోయర్ ఆర్మ్, రాడ్ ఎండ్ కూడా చూపించి, చివర్లో అలైన్‌మెంట్ చేయించండి.

వడ్లు కాదు, వరిగడ్డి మీదుగా పోయిన బండికి ఇంకో పని ఉంది. గడ్డి యాక్సిల్‌కు చుట్టుకుంటుంది, సైలెన్సర్ పైపు వేడికి అంటుకోవచ్చు కూడా. ఆపి కిందకు వంగి చూడండి.

వానాకాలంలోనే వణుకు వస్తోంది, కొన్నాళ్ళకు దానంతట అదే పోతోంది. ఇదేం విచిత్రం?

బురద. నాట్ల కాలంలో దమ్ము చేసిన ట్రాక్టర్లు కేజ్ వీల్స్‌తో (బురదలో నడిచే ఇనుప చక్రాలు) రోడ్డెక్కి రేగడి ముద్దలు వదులుతాయి. అది మీ రిమ్ము లోపలికి చేరి, రాత్రి బండి నిలబడితే కిందివైపు గడ్డ కట్టి పొద్దుటికి రాయిలా అవుతుంది. పిడికెడు రేగడి మట్టి అంటే వంద గ్రాములకు తక్కువుండదు. మేడారం పోయి వచ్చిన బండ్లలో కూడా ఇదే కనపడుతుంది. పైన మెరిసేలా కడిగిన బండి కింద, రిమ్ము లోపల మట్టి అట్లాగే ఉంటుంది. నీళ్ళ పైపు లోపలివైపుకు పెట్టి కడగమని వాషింగ్ వాళ్ళకు చెప్పండి. బ్యాలెన్సింగ్‌కు ముందే కడిగించాలి. బురదతో బ్యాలెన్స్ చేస్తే అది రాలిపోయిన రోజు వణుకు మొదలవుతుంది.

మామూలుగా పోతే ఏమీ లేదు. టోల్ గేటు దగ్గర బ్రేకు తొక్కితే స్టీరింగు, పెడలు రెండూ కొట్టుకుంటున్నాయి.

జనగామ వైపు పోయేవాళ్ళకు కోమల్ల టోల్ దగ్గర ఇది బాగా తెలుస్తుంది, ఎందుకంటే వందలో పోతున్న బండిని అక్కడ నెమ్మదిగా, నిడివిగా బ్రేకు తొక్కి ఆపుతాం. డిస్క్ బెండైందంటారు. నిజానికి చాలాసార్లు డిస్కు మందం చుట్టూ ఒకేలా ఉండదు. వెంట్రుక మందం కన్నా తక్కువ తేడా ఉన్నా కాలికి తెలుస్తుంది. నట్లు ఒంకరగా బిగించినా, హబ్బు తుప్పు మీద డిస్కు కూర్చున్నా, క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు గ్రీజు ఎండి పట్టేసినా నెమ్మదిగా ఇట్లా అవుతుంది.

డిస్కు మీద, లేదా దాని అంచున, కనీస మందం ఎంతో ముద్రించి ఉంటుంది. అంతకు తగ్గకపోతే లేతు మీద తీయించవచ్చు, తగ్గితే మార్చాలి. మార్చినా, తీయించినా పిన్నులు తీసి గ్రీజు పెట్టించడం మరవొద్దు. లేకపోతే కొత్త డిస్కుదీ అదే కథ. సీటు మాత్రమే అదురుతూ స్టీరింగు బాగుంటే వెనక డ్రమ్ములు చూడమనండి. బ్రేకుల పని వాయిదా వేయొద్దు.

అరగంట నడిపాక మొదలయ్యే వణుకు, ఒక రిమ్ము మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడి, ఘాటు వాసన, ఈ మూడూ కలిస్తే ఆ చక్రం బ్రేకు వదలడం లేదు. నేరుగా ముట్టుకోకుండా, చెయ్యి దగ్గరగా పెట్టి నాలుగు చక్రాలనూ పోల్చి చూడండి.

యాక్సిలరేటర్ తొక్కితేనే వస్తోంది, వదిలితే పోతోంది.

యాక్సిల్ లోపలి జాయింటు. ఐదుగురు కూర్చుని, డిక్కీ నిండా సామానుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఎక్కువవుతుంది. రబ్బరు బూటు చినిగి గ్రీజు బయటికి చిమ్మి ఉంటే సాక్ష్యం దొరికినట్టే. బయటి జాయింటు పోతే వణుకు కన్నా ముందు స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టకటక చప్పుడు వస్తుంది. ఇంజన్ మౌంటింగు పోయిన బండి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు కూడా అదురుతుంది. ఇంజన్ లైటు కూడా వెలుగుతుంటే మిస్‌ఫైర్ (ఇంజన్‌లో ఒక సిలిండరు సరిగ్గా మండకపోవడం) సంగతి ముందు చూపించండి.

వణుకుతో పాటు "గుఁయ్" అని విమానం లాంటి మోత వస్తోంది.

వీల్ బేరింగు కావచ్చు. వేగంగా పోతూ మలుపులో స్టీరింగు కొద్దిగా ఎడమకు తిప్పినప్పుడు మోత పెరిగితే కుడి బేరింగును అనుమానించాలి, ఎందుకంటే అప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమది. గుంటలు పడ్డ టైరు మోత కూడా ఇట్లాగే ఉంటుంది, కానీ మలుపులో అంతగా మారదు.

షెడ్డులో జాకీ ఎత్తాక చక్రాన్ని పైనా కిందా పట్టి ఆడించి చూస్తారు. అట్లా ఆడితే బేరింగు, లేదా బాల్ జాయింటు. అటూ ఇటూ పట్టి ఆడిస్తే కదిలేది ఎక్కువగా రాడ్ ఎండ్. ఇంట్లో జాకీ ఎత్తేవాళ్ళు చదును నేల మీద, హ్యాండ్ బ్రేకు వేసి, మిగతా చక్రాలకు రాళ్ళు పెట్టి ఎత్తండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరొద్దు.

మాది బొలెరో. మాకు కూడా ఇవే వర్తిస్తాయా?

ఇవన్నీ వర్తిస్తాయి, ఇంకొకటి అదనం. బొలెరో, పాత ఇన్నోవా, స్కార్పియో, సుమో లాంటి వెనక చక్రాలను తిప్పే బండ్లకు ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజన్ వైపు నుంచి వెనక చక్రాలకు బలం చేర్చే పొడవాటి కడ్డీ) ఉంటుంది. అది చక్రం కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది. అందుకే దాని వణుకు చక్రం వణుకులా దడదడలాడదు, కింద ఫ్లోరులో సన్నగా జుమ్మని పాదాలకు ఎక్కుతుంది. క్రాసులు (షాఫ్టు చివరల జాయింట్లు) అరిగాయా, కొన్నింట్లో మధ్యన ఉండే బేరింగు రబ్బరు చిరిగిందా, షాఫ్టుకు వెల్డు చేసిన చిన్న ఇనుప బిళ్ళ ఊడిందా అన్నవి చూడాలి. ఆ బిళ్ళే దాని బ్యాలెన్సింగ్ వెయిట్. షాఫ్టు విప్పే ముందు బోల్టులతో కలిసే రెండు ఫ్లాంజీల (బిళ్ళల) మీదా ఒకే గీత పడేలా గుర్తు పెట్టించండి. బిగించేటప్పుడు ఒక బోల్టు రంధ్రం అటూ ఇటూ అయినా లేని వణుకు కొత్తగా రావచ్చు.

మా తమ్ముడు దుబాయిలో ఉంటాడు. సెలవు మీద వచ్చి బండి తీస్తే దడదడలాడుతోంది.

జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ వైపు ఇట్లాంటి బండ్లు చాలా ఉన్నాయి. నెలల తరబడి ఒకేచోట నిలబడితే టైరు నేలకు ఆనిన చోట చదునైపోతుంది. ముందు గాలి సరిచేసి, టైర్ల వయసు, పగుళ్ళు చూసి, అవి బాగుంటేనే మెల్లగా 20, 30 కిలోమీటర్లు నడపండి. టైరు వేడెక్కితే చాలాసార్లు తిరిగి గుండ్రమవుతుంది. కాకపోతే టైర్లు మార్చాలి. ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు వారానికోసారి బండిని బయటికి తీసి నాలుగు కిలోమీటర్లు తిప్పితే ఈ బాధ ఉండదు, బ్యాటరీ కూడా బతుకుతుంది.

కొత్త అల్లాయ్‌లు వేయించిన రోజు నుంచే వణుకు.

రిమ్ము నడిమి రంధ్రం మీ హబ్బు కన్నా పెద్దదై ఉండవచ్చు. అప్పుడు చక్రం హబ్బు మీద కాక నట్ల మీద వేలాడుతుంది, నడుమ కుదరదు. ఆ సందుకు సరిపోయే రింగు వేయాలి. నట్ల అడుగు వాలు కూడా రిమ్ము గుంటకు సరిపోవాలి. పాత స్టీలు రిమ్ము నట్లనే అల్లాయ్‌కి బిగించారేమో అడగండి, అది వణుకు కన్నా పెద్ద ప్రమాదం.

ఎండాకాలంలో గాలి తగ్గించి పెట్టుకోవాలా?

వద్దు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్న అంకె చల్లటి టైరుకు చెప్పింది. వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే ఇంచుమించు ఒక పీఎస్ఐ పెరుగుతుంది, కంపెనీ వాళ్ళు అది లెక్కలోకి తీసుకునే రాస్తారు. రామగుండం ఎండలో వేడెక్కిన టైరులో గాలి తీసేస్తే, చల్లబడ్డాక అది తక్కువ గాలి టైరు. తక్కువ గాలితో హైవే వేగంలో పోతే టైరు లోపల వేడి పెరిగి పొరలు విడిపోతాయి. పంక్చర్ కోసం లోపల పోసే ద్రవం కూడా ఒకచోట చేరి వణుకు తెస్తుంది, అది పోయించుకున్నారని మెకానిక్‌కు చెప్పండి.

మెకానిక్‌కు ఏమని చెప్పాలి?

"వైబ్రేషన్ వస్తోంది" అని ఆపేయకండి. ఇట్లా చెప్పండి: "85 దగ్గర మొదలై 105 దాకా ఉంటుంది. స్టీరింగులో తెలుస్తుంది. కాలు తీసినా పోదు. బ్రేకుతో తేడా లేదు. గేరు మార్చినా తేడా లేదు. పోయిన నెల పంక్చర్ వేయించాక మొదలైంది." ఈ ముక్కలు విన్న మంచి పనివాడు నేరుగా పంక్చర్ వేయించిన చక్రం దగ్గరికి పోతాడు. చివరి ముక్క, అంటే దేని తర్వాత మొదలైందన్నది, చాలామంది చెప్పడం మరిచిపోతారు. సర్వీసింగ్, పంక్చర్, గుంత, రాయి, ఏదైనా సరే గుర్తు చేసుకొని చెప్పండి.

చూడకుండానే నాలుగు టైర్లూ, సస్పెన్షన్ కిట్టూ మార్చాలంటే "ముందు ఏది అరిగిందో చూపించన్నా" అని అడగండి. వదులైన రాడ్ ఎండ్ చేత్తో ఆడించి చూపించవచ్చు. చిరిగిన బుష్ కంటికి కనపడుతుంది. చూపించగలిగినవాడు కోప్పడడు.

పని అయ్యాక సరిగ్గా అయిందో లేదో ఎట్లా చూసుకోవాలి?

వణుకు కనిపించిన అదే రోడ్డు మీద, అదే వైపు, అదే వేగంలో, అంతే మందితో నడిపి చూడండి. షెడ్డు ముందర సర్వీసు రోడ్డు మీద 50లో పోయి "పోయింది" అనుకోవద్దు. వీలైతే మెకానిక్‌నే పక్కన కూర్చోబెట్టుకోండి. చక్రాలు విప్పి బిగించారు కాబట్టి 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ ఒకసారి టార్క్ రెంచితో చూపించండి, ఎంత బిగించాలో బండి పుస్తకంలో ఉంటుంది. ఇంకా కొంచెం వణుకు మిగిలితే అదే షెడ్డుకు పోయి, ఏం మారింది, ఏం మారలేదు అన్నది మళ్ళీ అట్లాగే విడమరిచి చెప్పండి. ఇంతకు ముందు 85లో మొదలైంది ఇప్పుడు 100లో మొదలవుతోందంటే ఒక కారణం పోయి ఇంకోటి మిగిలింది. రెండు చక్రాలు తప్పున్న బండ్లలో ఇది తరచుగా జరుగుతుంది.